పింగాణీ జాడీ - కృష్ణపట్నం రేవు

ఆవకాయ రోజుల్లో అటక మీది జాడీ దించి, కడిగి, ఎండలో ఆరబెట్టే పని మీ ఇంట్లో ఎవరిదండీ? మా ఇంట్లో అది మా అత్తగారిది. పనిమనిషి చేతికీ ఇవ్వరు, నా చేతికీ ఇవ్వరు. "దాని వయసు నీకంటే ఎక్కువ" అనేవారు. ఓ వేసవిలో ఆవిడ ఊళ్లో లేనప్పుడు నేనే దించబోయి మూత పగలగొట్టాను. పగిలిన అంచు చూస్తే లోపల రాయిలా గట్టిగా, బూడిదరంగుగా ఉంది. పైన మాత్రం గాజు పూసినట్టు మెరుపు. వేలితో తడిమితే నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలు. ఇది మట్టా, రాయా, గాజా అన్న అనుమానం నాకు ఆ రోజు పుట్టింది. అత్తగారు వచ్చాక పడ్డ అక్షింతల సంగతి అలా ఉంచండి. ఆ అనుమానమే నన్ను చివరికి నెల్లూరు సముద్రతీరానికి, కృష్ణపట్నానికి తీసుకెళ్లింది. ఆ సంగతులే ఈవేళ మీతో చెప్పుకుందామని.

అసలు ఊరగాయకి జాడీయే ఎందుకు? ఇత్తడిలో పెడితే చిలుమెక్కుతుందనీ, అల్యూమినియాన్ని పులుపు తినేస్తుందనీ మీకు నేను చెప్పక్కర్లేదు. మరి మట్టికుండలో పెడితే? కుండ నూనె తాగేస్తుంది. కొన్నాళ్లకి కుండ బయట తెల్లగా ఉప్పు పూస్తుంది. కుండ ఒంటినిండా కంటికి కనపడని రంధ్రాలు కదా! ఎండాకాలం మంచినీళ్లు చల్లబడేదీ వాటివల్లే, ఊరగాయ పాడయ్యేదీ వాటివల్లే. ఆ రంధ్రాలు మూసుకుపోవాలంటే అందుకు తగిన మట్టి కావాలి, మన ఊరి ఆవంలో పుట్టే వేడికి ఎంతో మించిన వేడి కావాలి.

ఉత్తరాదివాళ్లు ఈ జాడీని మర్తబాన్ అంటారు. మర్తబాన్ అన్నది బర్మాలో ఒక రేవుపట్టణం. పెద్ద పెద్ద మెరుగు జాడీలు ఆ రేవు మీదుగా అన్ని దేశాలకీ వెళ్లడంతో ఊరి పేరే జాడీకి స్థిరపడింది. 14వ శతాబ్దంలో దేశాలు తిరిగిన ఇబన్ బతూతా ఒక చిత్రమైన సంగతి రాశాడు. తూర్పు సముద్రంలో ఒక రేవుని ఉర్దుజా అనే రాకుమారి ఏలుతోందట. ఆవిడ ఇతనికి ఇచ్చిన కానుకల్లో నాలుగు మర్తబాన్లు ఉన్నాయట. వాటినిండా అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు, అన్నీ ఓడ ప్రయాణానికని ఉప్పులో ఊరవేసినవే! ఆ ఊరు ఎక్కడుందో చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేదు. రాజ్యం ఎక్కడున్నా, ప్రయాణమై వెళ్లేవాళ్ల చేతిలో ఊరగాయ జాడీ పెట్టి పంపే బుద్ధి మాత్రం మన ఇళ్లల్లోదే అనిపించింది నాకు.

అలాంటి జాడీలు మోసిన ఓడలు తిరిగిన సముద్రమే మన తీరానిది కూడా. కృష్ణపట్నం నెల్లూరికి పాతిక కిలోమీటర్ల దూరం. కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఉంది. ఇవాళ అక్కడికి వెళితే కనపడేవి ఎత్తయిన క్రేన్లు, బొగ్గు గుట్టలు, లారీల వరసలు. 2008లో పెద్ద ఓడరేవుగా మొదలైంది కదా. కానీ ఆ ఊరు రేవు కావడం ఇది మొదటిసారి కాదు. 13వ శతాబ్దంలో నెల్లూరిని తెలుగు చోడులు ఏలినప్పుడు దీన్ని కొల్లితురై అనీ, గండగోపాలపట్టణం అనీ పిలిచేవారు. దేశదేశాల వర్తకులు ఇక్కడ కూడి, తాము దింపుకునే సరుకు మీదా ఎగుమతి చేసే సరుకు మీదా కొంత భాగం గుడికి ఇస్తామని రాయించిన శాసనం ఉంది. ఆ రోజుల్లోనే ఉత్తరాన మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. అంతకుముందు, తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాగేసుకునేవారట. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోమని ఆయన మాట ఇచ్చాడు. ఆ సుంకాల జాబితాలో చీనా కర్పూరం పేరు కూడా ఉంది. చీనా సరుకు మన రేవుల్లో దిగేదన్నమాట.

కర్పూరం హరించిపోతుంది, పట్టు చీకిపోతుంది. మిగిలేవి పెంకులే. కృష్ణపట్నానికి దక్షిణంగా అదే తీరంలో కొత్తపట్నం అనే పల్లె ఉంది. అక్కడి తవ్వకాల్లో చీనా పింగాణీ పెంకులూ, చీనా నాణేలూ బయటపడ్డాయి. దక్షిణాది తీరంలో దొరికే ఇలాంటి పెంకుల కోసమే జపాను చరిత్రకారుడు నొబోరు కరషిమా తన బృందంతో ఊరూరా తిరిగాడు. వాళ్ల పరిశోధన 2004లో పుస్తకంగా వచ్చింది. తమిళ శాసనాలు చదవడంలో మనవాళ్లకే పాఠం చెప్పగల మనిషి, ఇసకలో వంగి పెంకులు ఏరుకున్నాడంటే చూడండి! శాసనంలో ఉండేది రాజుగారి మాట. పెంకులో ఉండేది ఎవరో ఇల్లాలు అన్నం పెట్టిన గిన్నె.

మరి నాకు వచ్చిన సందేహం ఇది. ఇంత తీరం ఉండి, అన్ని ఓడలు వచ్చిపోతూ ఉండి, మనవాళ్లు పింగాణీ ఎందుకు చేయలేదు? సామాను లేకనా? పింగాణీకి ముఖ్యంగా కావలసినవి మూడు. కయోలిన్ అనే తెల్లమట్టి, ఫెల్‌స్పార్ రాయి, పలుగురాయి. కయోలిన్ అన్న మాట కూడా చీనాలో ఒక ఊరి పేరు నుంచే వచ్చింది. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల్లో పలుగురాయి, ఫెల్‌స్పార్ కావలసినంత ఉన్నాయి. చిల్లకూరు, కోట దగ్గర తెల్లని ఇసక లారీలకొద్దీ గాజు ఫ్యాక్టరీలకు పోతుంది. గూడూరులో సిరామిక్ చదువు చెప్పే ప్రభుత్వ సంస్థ ఉన్నదీ అందుకే. లేనిదల్లా నిప్పు. మన కుమ్మరి ఆవంలో గడ్డీ, పిడకలూ, చితుకులూ వేసి కాలిస్తే వేడి 800, 900 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వెళుతుంది. పింగాణీకి 1,300 డిగ్రీలు కావాలి. అంత వేడిని లోపలే పట్టి ఉంచే బట్టీ కట్టడం చీనావాళ్ల విద్య. ఐరోపావాళ్లు కూడా ఆ రహస్యం తెలియక కొన్ని వందల ఏళ్లు చీనా గిన్నెలు బంగారం పోసి కొనుక్కున్నారు. జర్మనీలోని మైసెన్‌లో 1710లో గానీ వాళ్ల సొంత ఫ్యాక్టరీ లేవలేదు. మనవాళ్లకి తెలివి చాలక కాదని చెప్పడానికే ఇదంతా చెబుతున్నాను. చల్లని నీళ్లకి కుండ, వంటకి చట్టి మన ఎండలకి సరిపోయాయి. ఆపై వేడికి వెళ్లవలసిన పని కుమ్మరికి పడలేదు.

ఇక మా జాడీ మీది నారింజ తొక్క సంగతి. అది ఉప్పు పూత. పై సగం గోధుమరంగు, కింది సగం తెలుపుగా ఉండే జాడీల పూత వేరు, దీని పూత వేరు. జర్మనీలో రైన్ నది ఒడ్డు కుమ్మరులు సుమారు 15వ శతాబ్దంలో కనిపెట్టిన పద్ధతి ఇది. బట్టీ తెల్లగా కాగుతున్నప్పుడు కల్లుప్పు దోసిళ్లకొద్దీ లోపలికి విసురుతారు. ఉప్పులోని సోడియం ఆవిరై, మట్టిలో ఉన్న ఇసకతో కలిసి, పాత్ర ఒంటిమీదే గాజవుతుంది. పూత పూయనక్కర్లేదు, పాత్రే తనకి తాను పూసుకుంటుంది. కృష్ణపట్నం దగ్గర ఉప్పుమడులు చూస్తూ నేను తలుచుకున్నది ఇదే. మన ఉప్పు బకింగ్‌హాం కాలవలో పడవలెక్కి మద్రాసు దాకా వెళ్లింది గానీ, పక్క ఊళ్లోని కుమ్మరి ఆవంలోకి మాత్రం వెళ్లలేదు.

ఉప్పు వేస్తే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది. అందుకని 1970ల్లో అమెరికాలోని కుమ్మరి కళాకారులు ఉప్పు మాని సోడా పట్టుకున్నారు. అవునండీ, బజ్జీల్లో వేసే వంటసోడాయే, లేదా చాకలిసోడా! నీళ్లలో కలిపి, బట్టీ 1,200 డిగ్రీలు దాటాక కన్నాల్లోంచి చిమ్ముతారు. ఉప్పు ఆవిరి బట్టీ అంతా పరుచుకుంటుంది. సోడా మాత్రం మంట ఎటు పోతే అటే పోతుంది. మంట తగిలిన వైపు పాత్ర నిగనిగలాడుతుంది, చాటున ఉన్న వైపు లేత కాషాయం తిరుగుతుంది. తెల్లని పింగాణీ మీదైతే ఆ తేడా బుగ్గ మీద ఎరుపులా కనపడుతుంది. పాత్రలు బట్టీ పలకకి అంటుకుపోకుండా అడుగున చిన్న చిన్న మట్టి ఉండలు పెడతారు. సోడా ఎంత పట్టిందో చూడటానికి మట్టి ఉంగరాలు కొన్ని లోపల ఉంచి, ఇనపచువ్వతో ఒక్కొక్కటీ బయటికి లాగి చూస్తారు. పాకం తీగ వచ్చిందా లేదా అని మనం గరిటె ఎత్తి చూడమూ? అలాగే.

ఈ పని చేస్తున్నవాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. మా చిన్నప్పుడు మా ఊరి కుమ్మరి ఇంట్లో చూసేదాన్ని. మట్టి తెచ్చేది, రాళ్లు ఏరేది, తొక్కేది, ఆరిన కుండలు ఆవం దగ్గరికి మోసేది, సంతకి తీసుకెళ్లి అమ్మేది అన్నీ ఆవిడే. సారె మీద మాత్రం చెయ్యి వేయకూడదు. ఎందుకని అడిగితే ఆచారం అనేవారు. కుమ్మరి ఇంట పుట్టిన మొల్ల రామాయణం రాసిందని గొప్పగా చెప్పుకునే మనం, ఆ ఇంటి ఆడవాళ్లని సారె ముట్టనివ్వలేదు. నాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి ఇది.

కులవృత్తిగా కాక, కళగా ఒక్కరే మట్టి పిసికి, చేసి, కాల్చే పద్ధతి మన దేశానికి వచ్చాక గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. నిర్మలా పట్వర్ధన్ ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ లీచ్ దగ్గర పనిచేసి వచ్చి, బట్టీ పక్కన పెట్టుకుని చదువుకోదగిన పుస్తకం రాశారు. పాండిచ్చేరిలో 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు దేశమంతా విస్తరించారు. ఆరోవిల్‌లోని మండలా పాటరీలో సోడా కాల్పు చేస్తారు. హైదరాబాదులో పుట్టిన మన పి.ఆర్. దరోజ్ మట్టితో గోడలంత పెద్ద పనులు చేసి పేరు తెచ్చుకున్నారు. 2018లో జైపూరు జవహర్ కళా కేంద్రంలో ఇలాంటి పనులకే ప్రత్యేకంగా ఒక పెద్ద జాతీయ ప్రదర్శన జరిగింది. చిత్రాలకీ శిల్పాలకీ ఇచ్చే చోటు మట్టికీ ఇచ్చారు.

ప్రదర్శన అన్నానని గుర్తొచ్చింది. మద్రాసులో అలాంటి ఒక చిన్న ప్రదర్శనకి వెళ్లాను. తెల్లని దిమ్మె మీద ఒక్కొక్క గిన్నె, పైన దీపం, "తాకరాదు" అని చీటీ. నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. గిన్నె సంగతి చేతికి తెలియాలి గానీ కంటికేం తెలుస్తుంది? బరువెంత, అంచు పెదవికి ఎలా తగులుతుంది, అడుగున ఆ మట్టి ఉండల మచ్చలు ఎక్కడున్నాయి? అది చేసినావిడ పక్కనే ఉండి నా అవస్థ కనిపెట్టినట్టుంది. చీటీ పక్కకి జరిపి, గిన్నె తీసి నా చేతుల్లో పెట్టింది. ఒక వైపు నునుపు, రెండో వైపు గరుకు. వెల చూసి పెద్దది వెనక్కి ఇచ్చేసి, చిన్నది ఒకటి కొనుక్కున్నాను.

ఇంటికి తెచ్చి చూపిస్తే మా అత్తగారు చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. వేలితో ఆ నారింజ తొక్కని తడిమారు. "మన జాడీ జాతే" అన్నారు. తర్వాత ఇంకేమీ అనకుండా వంటింట్లోకి తీసుకెళ్లి, ఆ రాత్రికి అందులో పెరుగు తోడుపెట్టారు.