ధూమయోని

అమరకోశం మేఘానికి పదిహేను పేర్లు చెప్పింది. వాటిలో ఆరు నీటివే. వారివాహం, జలధరం, వారిదం అంటూ నీటిని మోసేదనో, ఇచ్చేదనో అర్థం వచ్చే పేర్లు. ఒకటి ఉరుముది, స్తనయిత్నువు. ఒకటి మెరుపుది, తటిత్వంతం. వరస చిట్టచివర ధూమయోని అని ఒక పేరుంది. పొగలో పుట్టినది అని అర్థం. వానకు తల్లిలాంటి మేఘానికి పొగతో చుట్టరికమేమిటని చదివినవాళ్ళకు తోస్తుంది. యజ్ఞపు పొగే పైకి పోయి మేఘమై వానగా దిగుతుందన్నది పాత నమ్మకం. మేఘసందేశంలో కాళిదాసు కూడా మేఘంలో కలిసిన సరుకులు చెబుతూ పొగనే ముందు లెక్కపెట్టాడు. ఇందులో నమ్మకంతో పాటు గమనింపు కూడా ఉంది. గాలిలోని ఆవిరి తనంతట తాను చినుకు కాలేదు. పట్టుకోవడానికి దానికో రేణువు కావాలి. దుమ్ము, ఉప్పు, పొగ నుసి, ఏదో ఒకటి. రెండు దశాబ్దాల కిందట రాయలసీమ మీద మేఘమథనం చేసినప్పుడు విమానాలు ఆకాశంలో వదిలింది కూడా రసాయనపు పొగే.

తెలుగు సినిమావాళ్ళకైతే ఈ పేరు విడమరిచి చెప్పనక్కరలేదు. పౌరాణికాల్లో నారదుడు మహతి మీటుతూ నడిచిన మబ్బులన్నీ సెట్లో వేసిన పొగే. పొగ పల్చబడితే స్వర్గం కింద చెక్కబల్లలు కనిపిస్తాయి, షాటు ఆగిపోతుంది. మేఘానికి పొగ కావాలని తెలిసిన పరిశ్రమ ఇది.

ఇవాళ ఫిలింనగర్‌లో మేఘం మాట పొద్దస్తమానం వినిపిస్తుంది, క్లౌడ్ అని. రామానాయుడు స్టూడియో గుట్ట నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా సందుకో ఎడిటింగ్ రూము, మేడకో గ్రాఫిక్స్ ఆఫీసు. “రష్ క్లౌడ్‌లో పెట్టేశాం సార్, లింకు పంపా.” “రెండర్ క్లౌడ్‌లో వేశాం, పొద్దున్నకల్లా వచ్చేస్తుంది.” ఒకప్పుడు వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడేది. నెగటివ్ అడుగుల్లో లెక్క, ప్రతి టేకుకూ నిర్మాత గుండె గుర్తొచ్చేది. ఇప్పుడు కెమెరా ఆపకుండా తిప్పినా ఎవరికీ ఏదీ ఖర్చయినట్టు అనిపించదు. గంట రా ఫుటేజీ టెరాబైటు దరిదాపుకు వస్తున్నా, అది పోయేది మేఘంలోకే గదా అన్న ధీమా. ఈ ధీమా మాటలోనే ఉందని నా అనుమానం.

ఎందుకంటే ఈ క్లౌడ్ ఆకాశం నుంచి వచ్చిన మాట కాదు. ఇంజినీర్లు నెట్‌వర్కు పటాలు గీసేటప్పుడు తమది కాని భాగాన్ని, లోపల ఏముందో చూపనక్కరలేని భాగాన్ని ఒక మబ్బు బొమ్మతో కప్పేసేవారు. గీత ఇటు నుంచి మబ్బులోకి పోతుంది, అటు నుంచి బయటికొస్తుంది, మధ్యలో సంగతి మీకనవసరం. 1990లకే ఆ మాట కంపెనీల కాగితాల్లోకి చేరింది. 2006లో అమెజాన్ తన కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. గూగుల్ అధిపతి ఎరిక్ ష్మిట్ అదే ఏడు ఒక సభలో ఆ మాట వాడారు. అక్కణ్ణుంచి లోకమంతా పాకింది. అంటే చూడనక్కరలేదు అన్నదే దీని తొలి అర్థం.

ఆ అర్థానికి మన భాషలో సరిగ్గా అతికేది మేఘం కాదు, మబ్బు. కేంద్ర ప్రభుత్వం తన క్లౌడ్‌కు మేఘరాజ్ అని పేరు పెట్టుకుంది. రాజసం ఉంది, వాన వాసనా ఉంది. మబ్బు అలా కాదు. ఆ మాటకు మేఘమనీ అర్థమే, చీకటనీ అర్థమే. నిద్రమబ్బు అంటాం. తెలంగాణలో మబ్బుల లేసిండు అంటే తెల్లారకముందే, ఇంకా చీకటి ఉండగానే లేచాడని. ఇక్కడిదే ఇంకో చక్కటి మాట మొగులు. తమిళ ముగిల్‌కూ కన్నడ ముగిల్‌కూ తోడబుట్టింది. మొగులైంది అంటే ఆకాశం కమ్ముకుందని. మొగులు దిక్కు చూసేవాడికి వాన కావాలి. మబ్బులో లేచేవాడికి పని ఉంది. ఈ రెండో అర్థం దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఫిలింనగర్‌లో అప్‌లోడ్ కొట్టిన ఫైలు పైకేమీ పోదు. కేబుల్ పట్టుకుని నేల మీదే, నేల కిందే డేటా సెంటర్ దాకా పోతుంది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ డేటా సెంటర్లు తెరిచింది. వాటిలో ఒకటి రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలం చందనవెల్లిలో ఉంది. అదే ఏడు మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇక్కడ పదిహేనేళ్ళలో 15,000 కోట్లు పెడతామని ప్రకటించింది. చందనవెల్లి నగరానికి నైరుతి దిక్కున ఉంది. నిజం మేఘాలు మనకు వచ్చేదీ అటునుంచే. కాకపోతే ఇది వారిదం కాదు, నీరిచ్చేది కాదు, తీసుకునేది. యంత్రాల వేడిని నీటిని ఆవిరి చేసే పద్ధతిలోనే తీసేస్తే యూనిట్ కరెంటుకు లీటరున్నర నీరు పోతుంది. భౌతికశాస్త్రం చెప్పే లెక్క అది. ఒక మెగావాట్ యంత్రాలు రోజంతా నడిస్తే 36,000 లీటర్లు. వేసవిలో జూబ్లీహిల్స్ మెట్ట వీధులు ఎక్కే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. నీళ్ళు వాడని చల్లదనపు పద్ధతులు వస్తున్నాయి, మైక్రోసాఫ్ట్ 2024 నుంచి తన కొత్త నమూనాలు అలాగే ఉంటాయంటోంది. చాలాచోట్ల దానికి బదులు కరెంటు ఎక్కువ కాలుతుంది. ఆ కరెంటు బొగ్గుదైతే నీరు అక్కడ పోతుంది. పాత థర్మల్ కేంద్రాలకు కేంద్రం 2015లో పెట్టిన హద్దే యూనిట్‌కు మూడున్నర లీటర్లు.

ఇక తటిత్వంతం. మెరుపు గలది. విద్యుత్తు అంటే మొదట మెరుపే, తర్వాతే కరెంటు. ఆ పేరు క్లౌడ్‌కు అచ్చంగా సరిపోతుంది. ఈ మెరుపు పుట్టేచోట్లు రామగుండం, పాల్వంచ, చెల్పూరు. సింగరేణి బొగ్గు యూనిట్‌కు సుమారు 700 గ్రాములు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది అన్నది తర్కశాస్త్రం మొదటి పాఠం. ఈ ఫిలింనగర్ కొండ మీద పొగ లేదు. పొగ గోదావరి ఒడ్డున ఉంది, నిప్పూ అక్కడే ఉంది, వెలుగు మాత్రం ఎడిటింగ్ టేబుల్ మీద ఉంది. తార్కికుడు కూడా ఊహించలేనంత దూరం పెట్టింది ఆ మబ్బు బొమ్మ.

క్లౌడ్‌కు దక్కాల్సిన మెప్పు కూడా దక్కాలి. యంత్రానికి ఒక యూనిట్ అందాలంటే మొత్తం ఎన్ని యూనిట్లు కావాలో చెప్పే కొలతను పీయూఈ అంటారు. గూగుల్ తనది 1.1 అని చెబుతుంది, ప్రపంచ సగటు ఒకటిన్నర పైచిలుకు. స్ప్లిట్ ఏసీ బిగించిన గదిలో నాలుగు సర్వర్లు పెట్టుకున్న చిన్న ఆఫీసుది 2 దాటినా ఆశ్చర్యపోను. 2010 నుంచి 2018 మధ్య ప్రపంచ డేటా సెంటర్లు చేసిన పని ఆరున్నర రెట్లయినా వాడిన కరెంటు 6 శాతమే పెరిగిందని 2020లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇంట్లో కూర్చుని ఆహా ఓటీటీలో సినిమా చూసేవాళ్ళను నిందించడమూ న్యాయం కాదు. గంట వీడియోకు 0.08 యూనిట్ దరిదాపు అని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2020లో లెక్కకట్టింది. అందులో పెద్ద వాటా చూసే తెరదే, డేటా సెంటర్‌ది అయిదు శాతం.

అయితే ఆ పొదుపు రోజులు దాటిపోయాయి. 2024లో డేటా సెంటర్లు 415 టెరావాట్ అవర్లు వాడాయని, 2030కి అది 945 అవుతుందని అదే సంస్థ అంచనా. విశాఖలో గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన కేంద్రం గిగావాట్ స్థాయిది. రామగుండంలో ఎన్టీపీసీ పాత స్టేషన్ మొత్తం 2,600 మెగావాట్లే.

ఫిలింనగర్ తన వంతు ఎక్కడ చూసుకోవాలి? నా మటుకు రెండర్ దగ్గర, అంటే గ్రాఫిక్స్ ఫ్రేములను కంప్యూటర్ పూర్తి బొమ్మలుగా లెక్కగట్టే పని దగ్గర. పది సెకన్ల గ్రాఫిక్స్ షాటంటే 240 ఫ్రేములు. ఫ్రేముకు నాలుగు గంటలు, యంత్రానికి 500 వాట్లు అనుకుంటే 480 యూనిట్లు, బొగ్గులో మూడు క్వింటాళ్ళకు పైన. “ఆ నీడ ఇంకొంచెం తగ్గిద్దాం, మళ్ళీ వేయండి” అంటే ఇంకో మూడు క్వింటాళ్ళు. రిలీజు డేటు దగ్గరపడ్డాక ఈ మళ్ళీకి అంతుండదు. తగ్గించిన రిజల్యూషన్‌లో చూసి, ఓకే అన్నాకే అసలు రెండర్ వేయడం మంచి సూపర్‌వైజర్లందరికీ తెలిసిన పద్ధతి. దాన్ని పాటించనివ్వాల్సింది ప్రివ్యూ చూసే దర్శకుడు.

రెండోది వేళ. రెండర్‌ను రాత్రి పెట్టి ఇంటికి పోవడం పాత అలవాటు. ఆఫీసులో యంత్రాలు పగలు మనుషులకు కావాలి గనుక అలా మొదలైంది. క్లౌడ్‌లో ఆ ఇబ్బంది లేదు, అలవాటు మాత్రం ఉండిపోయింది. తెలంగాణలో సోలార్ కరెంటు పుష్కలంగా ఉండేది మధ్యాహ్నం. రాత్రి గ్రిడ్‌ను మోసేది ఎక్కువగా బొగ్గు. రాత్రి చల్లదనం వల్ల కూలింగ్ కొంత కలిసొస్తుంది, నిజమే, పొగలో తేడా ముందు అది చిన్నది. తెలంగాణ అర్థంలో చూస్తే మనం క్లౌడ్‌లో కాదు, మబ్బులో రెండర్ వేస్తున్నాం. తెల్లారకముందటి చీకట్లో, పొగ ఎక్కువగా ఉండే వేళలో.

కంపెనీలు ఒప్పుకోవు. 2023లో వాడిన కరెంటంతటికీ సమానమైన పునరుత్పాదక విద్యుత్తును సమకూర్చుకున్నామని అమెజాన్ చెప్పింది. ఆ లెక్క ఏడాదిది. రాజస్థాన్ మధ్యాహ్నపు ఎండను హైదరాబాద్ అర్ధరాత్రి ఖాతాలో వేసుకోవడానికి ఏడాది లెక్క ఒప్పుకుంటుంది. గంట గంటకూ, ఉన్నచోట లెక్క చూస్తే ఒప్పుకోదు. ధూమయోని అన్న పేరు తప్పవ్వాలంటే ఆ గంటల లెక్కలోనే తప్పవ్వాలి.

దాచుకునే ఫుటేజీ సంగతి వేరు. తొలినాళ్ళ తెలుగు టాకీల్లో చాలావాటి ప్రింట్లు ఇవాళ లేవు. దాచడం తప్పనే ధైర్యం నాకు లేదు. దాచేచోటు గురించే నా మాట. నూరు టెరాబైట్ల రా ఫుటేజీ మూడు కాపీలుగా తిరిగే డిస్కుల మీద ఉంటే, సర్వరూ చల్లదనమూ కలుపుకుని, ఏడాదికి టన్ను బొగ్గయినా అవుతుందని నా అంచనా. అదే ఫుటేజీ 18 టెరాబైట్ల ఎల్‌టీవో టేపులు ఆరింటిలో పడుతుంది. కాపీతో పన్నెండు. చల్లటి గదిలో బీరువాలో ఉన్న టేపు కరెంటు అడగదు.

నిర్మాతకు నెలనెలా వచ్చే క్లౌడ్ బిల్లులో టెరాబైట్లు, గంటలు, రూపాయలు ఉంటాయి. కర్బన లెక్క విడిగా చూపే పేజీలు 2021, 2022 నుంచి పెద్ద కంపెనీలన్నిటిలో ఉన్నాయి, ఖాతా ఉన్నవాళ్ళు తెరిస్తే కనిపిస్తాయి. వాటిని గంటలవారీగా, నీటితో సహా, బిల్లు మీదే వేయమని ఫిలించాంబర్ అడగొచ్చు. అద్దె కడుతున్నది నిర్మాతలే గనుక అడిగే హక్కూ వాళ్ళదే.