కండల మందు, పెన్నేరుగడ్డ

మగ హార్మోనును బయటి నుంచి ఎక్కిస్తే వృషణాలు పని మానేస్తాయని 1932లోనే తెలిసింది. చికాగో విశ్వవిద్యాలయంలో కార్ల్ మూర్, డొరొతీ ప్రైస్ ఎలుకల మీద పరీక్షించి చెప్పారు. ట్యాంకు నిండగానే మోటారు ఆపేసినట్టు, రక్తంలో హార్మోను నిండితే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు ఆజ్ఞలు ఆపేస్తుంది. అవి చిక్కిపోతాయి.

ఆ హార్మోను, అంటే టెస్టోస్టిరాన్, అప్పటికి ఇంకా శుద్ధరూపంలో చేతికి చిక్కనేలేదు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్న్‌స్ట్ లాకర్ బృందం 100 కిలోల ఆబోతు వృషణాల నుంచి తీసింది 10 మిల్లీగ్రాములు. అదే ఏడాది రసాయన శాస్త్రవేత్తలు బుటెనాంట్, రుజిచ్కా దాన్ని కొలెస్టరాల్ నుంచి తయారుచేశారు. తరవాత రసెల్ మార్కర్ మెక్సికో అడవుల్లోని పెండలం జాతి దుంపల నుంచి స్టెరాయిడ్ హార్మోన్లు తీసే దారి కనిపెట్టాడు. 1944లో అక్కడ సింటెక్స్ కంపెనీ పుట్టింది, హార్మోన్లు చవకయ్యాయి. 1958లో డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్ర వచ్చి కండలవీరుల సంచుల్లోకి చేరింది. మందుకంటే ముందే తెలిసిన హాని మాత్రం వాళ్ల చెవిన పడలేదు.

వీర్యకణాలు లెక్కపెట్టే ల్యాబ్ టెక్నీషియన్‌ని నేను. జిమ్‌లో ఇంజెక్షన్లు వాడిన కుర్రాడి స్లైడులో ఒక్క కణమూ కనబడనప్పుడు ఈ చరిత్రంతా గుర్తొచ్చి కడుపు తరుక్కుపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హార్మోనుకున్న, వీర్యకణాలను ఆపే ఇదే గుణాన్ని మగవారి గర్భనిరోధకంగా పరీక్షించి 1990లో ఫలితం ప్రకటించింది. వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ తీసుకున్న 271 మందిలో 157 మందికి కణాల లెక్క సున్నాకు దిగింది.

“పెన్నేరుగడ్డ (అశ్వగంధ) పొడి తింటే సరిపోతుందా అన్నా?” అని ఆ కుర్రాళ్లు అడుగుతారు. ఆ నమ్మకానికి పాత వేళ్లున్నాయి. చరక సంహిత చికిత్సాస్థానంలో రెండో అధ్యాయమే వాజీకరణం, అంటే మగవారి సంతానశక్తిని పెంచే చికిత్స. సంతానలేమితో వచ్చిన మగవారికి పెన్నేరుగడ్డ పొడి రోజుకు 5 గ్రాముల చొప్పున మూడు నెలలు ఇస్తే వీర్యం మెరుగుపడిందని లక్నో పరిశోధకులు 2010లో ప్రచురించారు. అయితే ఆ మగవారు స్టెరాయిడ్లు వాడి చెడిపోయినవాళ్లు కారు. స్టెరాయిడ్‌తోపాటు మొక్కల సారాలు ఇచ్చి చూసిన పరీక్షలు ఎక్కువగా ఎలుకల మీదే జరిగాయి. వృషణ కణజాలాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి ఆ సారాలు కొంత కాచాయి. బయటి హార్మోను ఒంట్లో ఉన్నంతకాలం పిట్యూటరీ మౌనంగానే ఉంటుంది. కణజాలాన్ని కాచినంత మాత్రాన ఆ మౌనం వీడదు.

అందుకే ఆ పొడిని కవచమని అమ్మితే నాకు కోపం వస్తుంది. ఆ ధీమాతో కుర్రాళ్లు ఇంకో ఇంజెక్షన్ పొడిపించుకుంటారు. తమ్ముళ్లారా, 1990 నాటి ఆ పరీక్షలో సూది మానేశాక కణాలు తిరిగొచ్చాయి. జిమ్‌లో వాడే మోతాదులు పెద్దవి కాబట్టి మీకు ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏం వాడారో దాచకుండా చెప్పండి. ఆయన పర్యవేక్షణలో సూది మానండి. పెన్నేరుగడ్డ మాట ఆ తరవాత అడగండి.