గర్భిణీపరిచర్య: గృహ్యకర్మయు వైద్యశాస్త్రమును

సంతానమును గోరు దంపతులు తమ దేహమును, మనస్సును ముందుగ సిద్ధపరచుకొనవలెనను భావము మన దేశమున ఎంత ప్రాచీనమైనదో తెలిసికొనుటకు వేదవాఙ్మయమే చాలును. ఋగ్వేదము పదవ మండలమున గర్భమును నిలుపుమని విష్ణువును, త్వష్టను, ప్రజాపతిని వేడుకొను సూక్తమొకటియు, గర్భమును హరించు రక్కసిశక్తులను అగ్నిసాయమున పారద్రోలు సూక్తమొకటియు కలవు. అథర్వవేదమున గర్భము నిలుచుటకు, జారిపోకుండుటకు, సుఖప్రసవమగుటకు వేరువేరుగ మంత్రములు కానవచ్చుచున్నవి. ఇన్ని మంత్రములు పుట్టవలసివచ్చినదనగా ఆనాటి ఇండ్లలో గర్భస్రావభయమును ప్రసవభయమును ఎంత తీవ్రముగ నుండెనో ఊహింపవచ్చును.

ఉపనిషత్కాలమునకు వచ్చుసరికి భయముతోపాటు ఆకాంక్షయు మాటలాడ మొదలిడినది. బృహదారణ్యకోపనిషత్తు ఆఱవ యధ్యాయమున, ఎట్టి సంతానమును గోరువారు ఎట్టి యన్నమును వండుకొని నేతితో భుజింపవలెనో చెప్పబడినది: ఒక వేదము నభ్యసించు కుమారునకు పాలతో వండిన యన్నము, రెండు వేదముల వానికి పెరుగన్నము, ఈ తీరున సాగిన యా వరుసలో పండితురాలగు కుమార్తెను గోరు దంపతులకు నువ్వులతో వండిన యన్నము విధింపబడినది. పుత్రకామనయే ప్రధానమై సాగిన యొక వాఙ్మయమున, విదుషియగు కుమార్తె కలుగవలెనని కోరుకొనిన తల్లిదండ్రుల కొఱకు ఒక ప్రత్యేకవిధి యుండుట నాకు మిక్కిలి విలువైన విషయముగ దోచును. అయితే కొన్ని శతాబ్దుల తరువాత భాష్యము రచించిన శంకరభగవత్పాదులు ఆ పాండిత్యము గృహకృత్యములకు సంబంధించినదే యనియు, స్త్రీకి వేదమునందధికారము లేదనియు వివరించిరి. ఉపనిషత్తు విధింపని యెల్లను భాష్యము విధించినది. ఈ సంకోచము ఆ యొక్క చోటనే ఆగినది కాదు.

గృహ్యసూత్రములు ఈ యాశలకు కర్మరూపము నిచ్చినవి. గర్భాధానము, పుంసవనము, సీమంతోన్నయనము అను మూడు సంస్కారములును శిశువు పుట్టకమునుపే జరుగవలసినవి. తెలుగుదేశపు వైదికకుటుంబములలో మిక్కిలి ప్రచారముగల ఆపస్తంబసూత్రమును బట్టి చూచినచో, గర్భము వ్యక్తమైన పిమ్మట పుష్యమీనక్షత్రమున, మఱ్ఱిచెట్టు తూర్పుకొమ్మనుండి గాని ఉత్తరపుకొమ్మనుండి గాని రెండు కాయలతోగూడిన చిగురును దెచ్చి, ఇంకను రజస్వల కాని బాలికచేత రాతిమీద నూరించి, ఆ రసమును గర్భిణి కుడిముక్కున పిండుట పుంసవనము. మగశిశువు కొఱకే యుద్దేశింపబడిన యీ కర్మను నేడు ఎంత గౌరవబుద్ధితో చదివినను, ఆ కోరిక మన సమాజమున ఆడుశిశువులకు చేసిన కీడు మనస్సునకు రాక మానదు.

సీమంతము వేఱు. తొలిచూలు నాలుగవ నెలలో భర్త మూడు మచ్చలుగల యేదుపందిముల్లును, దర్భలను, పచ్చి మేడికాయల గుత్తిని చేతబట్టి భార్య తల పాపట దీయును. వీణాగాయకులిద్దరు గానము చేయుదురు. ఆ దంపతులు ఏ నదితీరమున నివసింతురో ఆ నది పేరు ఆ గానమున చేర్చవలెనని సూత్రకారుడు విధించినాడు. అనగా గోదావరి యొడ్డున కాపురమున్న యిల్లాలికి గోదావరి పేరును, కృష్ణాతీరమున నున్న దానికి కృష్ణ పేరును వినవచ్చునన్నమాట. పిదప మొలకెత్తిన యవలను ఆమెకు కట్టగా, చుక్కలు పొడుచువఱకు మౌనము వహించి, చుక్కలు కానవచ్చినంతట బయటికి వచ్చి, దూడను ముట్టుకొని ఆ మౌనమును విడుతురు. శాస్త్రములలో ఇంతటి కోమలమైన కర్మ మఱియొకటి కలదా యని నాకు సందేహము. శ్రీమంతమను పేరున మన యిండ్లలో, వైదికేతర కుటుంబములలో సైతము, గాజులు తొడిగి, పూలుముడిచి, పేరంటాండ్రను పిలిచి జరుపుకొను వేడుక దీని సంతతియే.

కర్మకాండ యిట్లు సాగుచుండగా, వైద్యులు వేఱొక మార్గమున ఆలోచించుచుండిరి. క్రీస్తుశకారంభమునకు అటునిటుగా రూపొందిన చరక, సుశ్రుతసంహితల శారీరస్థానములు ఈ విషయమునకు ఆకరములు. ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము, అనగా తగిన కాలము, గర్భాశయము, పోషకరసము, స్త్రీపురుషబీజములు, ఈ నాలుగును చక్కగ కూడినపుడే గర్భము కలుగునని సుశ్రుతసంహిత సిద్ధాంతము. చరకసంహిత యెనిమిదవ శారీరాధ్యాయమున, దంపతులిరువురును స్నేహస్వేదములతో దేహమును మెత్తబఱచి, వమనవిరేచనములతో శోధించి, క్రమముగ ప్రకృతికి దెచ్చి, వస్తికర్మములైన పిమ్మట పురుషునకు మధురౌషధములతో కాచిన నేయిని, పాలను, స్త్రీకి నూనెను, మినుములను ఆహారముగ నీయవలెనని యున్నది. సంతానము కలుగకున్న యెడల నేరమంతయు స్త్రీమీదనే త్రోయు లోకమున, పథ్యము భర్తకును సమానముగ విధింపబడుట గమనింపదగినది. గర్భము నిలుచుటకు మనఃప్రసన్నతకంటె మేలైనది లేదనియు చరకుడే చెప్పినాడు.

నెలనెలకు ఆహారమును గూడ ఆయన నిర్ణయించినాడు: మొదటి నెల ఔషధము కలుపని పాలు, రెండవ నెల మధురౌషధములతో కాచిన పాలు, మూడవ నెల తేనెయు నేయియు కలిపిన పాలు, నాలుగవ నెల పాలనుండి తీసిన వెన్న, ఐదవ నెల పాలనేయి. నూనె నిండిన పాత్రను తొణకకుండ మోయునట్లు గర్భిణిని కాపాడవలెనని ఆయన భావము.

కాని నన్ను అన్నిటికంటె ఆకర్షించునవి ఈ యధ్యాయమున నడుమనడుమ వచ్చు వాదములు. ఏడవ నెలలో కడుపుపై మంట, దురద, చర్మముపై చారలు పుట్టుటకు శిశువునకు వెండ్రుకలు మొలచుటయే కారణమని స్త్రీలందురట. చరకసంహితలో ఉపదేశించు గురువగు ఆత్రేయుడు కాదని, పెరుగుచున్న గర్భముచేత పైకి నెట్టబడిన వాతపిత్తశ్లేష్మములు వక్షమును చేరి మంట పుట్టించుననియు, దానివలన దురద, దురదవలన చారలు కలుగుననియు చెప్పి, రేగుపండ్ల కషాయముతో వెన్నను విధించి, గోకవలదని హెచ్చరించును. ఎనిమిదవ నెలలో నేయి కలిపిన పాలజావ త్రాగించినచో శిశువునకు పైంగల్యదోషము కలుగునని భద్రకాప్యుడను ఋషి ఆక్షేపింపగా, కలిగిన కలుగనిండు, తల్లి యారోగ్యమునకది యవసరము గావున మానరాదని ఆత్రేయుని సమాధానము. నొప్పులు పడుచున్న స్త్రీచేత రోకటితో దంపించినచో ప్రసవము త్వరితమగునను కొందఱి మతమును, గర్భిణికి కఠినశ్రమ ఎల్లపుడును నిషిద్ధమేగదా యని ఆయన త్రోసిపుచ్చెను. ఆయన చెప్పిన కారణములు నేటి విజ్ఞానమునకు సరిపడకపోవచ్చును; ప్రసవవేదనలో నున్న స్త్రీ పక్షమున నిలిచి వాదించిన యా స్వరము మాత్రము నేటికిని స్పష్టముగ వినబడుచున్నది.

నాలుగవ నెలలో గర్భస్థశిశువు హృదయము వ్యక్తమగుటచేత తల్లి రెండుహృదయములు గలదగుననియు, ఆమె కోర్కెలను త్రోసివేయరాదనియు సుశ్రుతుడు చెప్పెను. దోహదమనబడు ఈ గర్భిణీకోరిక కవులకు ప్రియవస్తువైనది: రఘువంశమున సుదక్షిణ మట్టిని రుచిచూచును, ఉత్తరరామచరితమున సీత వనములను మఱల చూడగోరును. తెలుగింటిలో వేవిళ్ళనాటి కోర్కెలు తీర్చుటయు, పుట్టినింటివారు తడిబియ్యపుపిండిని బెల్లపుపాకముతో కలిపి చేసిన చలిమిడిని తెచ్చి కూతురి యొడినింపి, కడుపు చలువ యనుటయు గ్రంథములతో నిమిత్తము లేక తల్లులనుండి కూతుండ్రకు వచ్చినవి.

వైద్యుని మాట మిక్కిలి యవసరమైన చోటనే దానిని వినినవారు లేకపోయిరి. పండ్రెండేండ్ల వధువును పెండ్లాడవచ్చుననిన సుశ్రుతసంహితయే, 16 ఏండ్లు నిండని స్త్రీయందు 25 ఏండ్లు నిండని పురుషుడు గర్భము నిలిపినచో శిశువు కడుపులోనే నశించుననియు, పుట్టినను దీర్ఘాయువు కాదనియు, బ్రదికినను దుర్బలేంద్రియమగుననియు స్పష్టముగ పలికినది. పిదపవచ్చిన వాగ్భటుడు పురుషుని వయస్సును 20కి తగ్గించినను, స్త్రీకి 16 నిండవలెనను నియమమును సడలింపలేదు. స్మృతులు మాత్రము ఋతుకాలము వ్యర్థము కారాదను నియమమును బిగించుచుండుటచే, గర్భాధానము దంపతుల సంసిద్ధతకు గుఱుతుగ నుండుటకు మాఱు, రజస్వలయైన బాలికను వెంటనే భర్తయొద్దకు పంపు నిర్బంధముగ మాఱినది.

1891లో సమ్మతివయస్సును 10 నుండి 12 ఏండ్లకు పెంచు చట్టము వచ్చినపుడు, అది గర్భాధానమునకు విఘ్నమనియే సనాతనులు వ్యతిరేకించిరి. రామకృష్ణ గోపాల భండార్కరు వంటి పండితులు ధర్మశాస్త్రములనుండియే ప్రత్యుత్తరములు చూపిరి. రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు బాల్యవివాహములపై అంతకుముందే కలము పట్టియుండిరి. 1929 నాటి శారదా చట్టము బాలిక వివాహవయస్సును 14గ నిర్ణయించెను. 1949లో అది 15 అయినది. సుశ్రుతుడు గర్భధారణకు గీచిన 16 ఏండ్ల గీతను మన చట్టము 1978లో, ఆ వయస్సును 18కి పెంచినపుడు, దాటినది.