కమ్మరి తెచ్చిన కాయలు – ఘనా కథ

2025 వేసవిలో ద్వారకా తిరుమల దగ్గరున్న మా మావయ్యకి ఫోన్ చేస్తే, పలకరింపులు కూడా అవ్వకుండానే కోకో గింజల ధర గురించి అందుకున్నాడు. కొబ్బరితోటలో అంతరపంటగా వేసాడు లెండి. 2024లో కిలో వెయ్యి రూపాయల దాకా పలికిన గింజల్ని మర్నాటి ఏడు సగానికి కూడా అడిగేవాడు లేడని ఆయన గోల. "రేటు ఎక్కడో విదేశాల్లో ఉంటుందంటగా, నీకేమన్నా తెలుసా?" అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి అన్నీ తెలుస్తాయని మా ఊళ్ళో ఒక నమ్మకం.

నాకు తెలీదు కానీ, మా టీములో ఘనా దేశస్థుడొకాయన ఉన్నాడు. వాళ్ళ నాన్నగారికి సుహుమ్ అనే ఊరి దగ్గర కోకో తోట ఉంది. ఆయనతో ఆ మాటా ఈ మాటా కలిపాక, ఆయన చెప్పిన పుస్తకాలు కొన్ని తిరగేసాక అర్థమైందేమిటంటే, ఘనా చరిత్ర తెలియాలంటే రాజుల వరస కంటే కోకో ధర వరస చదువుకుంటే త్వరగా తెలుస్తుంది.

అలాగని రాజులు లేరని కాదు. 1482లోనే పోర్చుగీసు వాళ్ళు ఎల్మినాలో కోట కట్టుకుని బంగారం కొన్నారు, తరవాత 1637లో డచ్చి వాళ్ళు ఆ కోట లాక్కున్నారు, ఆ తీరం పొడుగునా కోటలు మొలిచి బంగారం బదులు మనుషుల్ని ఎగుమతి చేసాయి. లోపల కుమాసి రాజధానిగా అశాంతి రాజ్యం ఇంగ్లీషు వాళ్ళని దాదాపు శతాబ్దం పాటు ముప్పుతిప్పలు పెట్టింది. 1900లో ఇంగ్లీషు గవర్నరు హాడ్జ్‌సన్ కుమాసి వచ్చి, అశాంతి జాతి ఆత్మ ఉంటుందని వాళ్ళు నమ్మే బంగారు పీటని తనకి ఇమ్మన్నాడు. ఆ పీట మీద వాళ్ళ రాజు కూడా కూర్చోడు! యా అశాంతెవా అనే రాజమాత యుద్ధానికి దిగింది. ఓడిపోయింది, సీషెల్స్ దీవులకి పంపేసారు, అక్కడే పోయింది. పీట మాత్రం వాళ్ళకి దొరకలేదు.

అదే రోజుల్లో, ఎవరూ పట్టించుకోని చోట అసలు కథ నడుస్తోంది. తెత్తే క్వార్షీ అనే కమ్మరి పని కోసం ఫెర్నాండో పో దీవికి వెళ్ళి, 1870లలో తిరిగొస్తూ కోకో గింజలు తెచ్చి మాంపాంగ్‌లో నాటాడు. అంతకుముందు మిషనరీలు కూడా ప్రయత్నించారు, అంత కలిసి రాలేదు. ఆ తరవాత నలభై ఏళ్ళు తిరక్కుండా, 1911 కల్లా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోకో పండించే దేశం ఇదే. మన అస్సాం టీ తోటల్లాగా తెల్లదొరలు తోటలు పెట్టి కూలీలతో పండించారేమో అనుకున్నాను నేను. కాదట. పక్క ఊళ్ళ రైతులు కొందరు కలిసి డబ్బులేసుకుని, అడవి భూములు ఊళ్ళ పెద్దల దగ్గర కొనుక్కుని, ఎవరు పెట్టినదాన్ని బట్టి వాళ్ళు చీలికలుగా పంచుకుని నాటారు. వచ్చిన లాభంతో ఇంకో అడవి కొన్నారు. పాలీ హిల్ అనే ఆవిడ 1963లో దీని మీద పుస్తకం రాసేదాకా, వీళ్ళు చిన్నచితకా రైతులు, వీళ్ళకి వ్యాపారం ఏం తెలుసు అనే అనుకునేవాళ్ళట. (ఈవిడ ఆర్థికవేత్త కీన్స్ మేనకోడలు. తరవాత కర్ణాటక పల్లెల మీద కూడా పరిశోధన చేసింది.)

పండించేది వాళ్ళే, కొనేది మాత్రం గుప్పెడు యూరోపు కంపెనీలు. 1937లో ఆ కంపెనీలన్నీ కూడబలుక్కుని ధర విషయంలో పోటీ పడకూడదని ఒప్పందం చేసుకున్నాయి. రైతులు ఊరుకోలేదు. ఆ నవంబరు నుంచి ఆర్నెల్ల దాకా గింజ అమ్మలేదు, పైగా ఆ కంపెనీల సరుకులు కొనడం మానేసారు. పులియబెట్టి ఎండబెట్టిన సరుకుని ఇంట్లో పెట్టుకుని ఆర్నెల్లు ఓపిక పట్టడమంటే మాటలు కాదు, మా మావయ్య నడగండి. చివరికి లండన్ నుంచి విచారణ సంఘం వచ్చి, తప్పు కంపెనీలదే అన్నట్టు నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా, యుద్ధం అడ్డుపడి కాస్త ఆలస్యమైనా, 1947లో కోకో మార్కెటింగ్ బోర్డు పుట్టింది. ఇక కంపెనీలతో పని లేదు, ప్రభుత్వమే ఒక ధర చెప్పి కొంటుంది, ధర ఎక్కువున్న ఏడు కొంత దాచి తక్కువున్న ఏడు ఆదుకుంటుంది. కాగితం మీద చూస్తే ఎంత బావుంది! దాచిన సొమ్ము లండన్‌లో ఇంగ్లీషు వాళ్ళ బాండ్లలో దాచారన్నది వేరే సంగతి.

1948 ఫిబ్రవరి 28న, రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషు వాళ్ళ తరఫున పోరాడి తిరిగొచ్చిన మాజీ సైనికులు అక్రాలో గవర్నరుకి అర్జీ ఇవ్వడానికి ఊరేగింపుగా వెళ్తే కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. వీళ్ళ సైన్యంలో చాలామంది బర్మాలో అరకాన్ అడవుల్లో జపాను వాళ్ళతో తలపడినవాళ్ళే, మన సిపాయిలు పోరాడిన యుద్ధమే అది. ఆ కాల్పులతో దేశం అట్టుడికింది. అక్కడ నుంచి క్వామె ఎన్‌క్రుమా కథ మొదలవుతుంది.

అన్నట్టు వాళ్ళలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫీ (కోఫీ అన్నన్ అలా వచ్చిందే), శనివారమైతే క్వామె. మరి ఎన్‌క్రుమా అధికారిక పుట్టినరోజు 1909 సెప్టెంబరు 21 కదా, క్యాలెండర్ చూస్తే అది మంగళవారం! ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నాడు, బాప్టిజం ఇచ్చిన ఫాదర్ అంచనాగా వేసిన తేదీ అది అని. మన హెడ్మాస్టర్లు వేసిన పుట్టినతేదీలతో పాస్‌పోర్టులు తీసుకున్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా.

ఆయన గాంధీ పద్ధతిలో సహాయ నిరాకరణ మొదలుపెట్టి జైలుకెళ్ళాడు, 1951లో జైల్లోంచే ఎన్నిక గెలిచాడు, 1957 మార్చి 6న దేశానికి స్వతంత్రం తెచ్చాడు. (అదే దేశంలో 2016లో విశ్వవిద్యాలయంలో పెట్టిన గాంధీ విగ్రహాన్ని, నల్లవాళ్ళ గురించి ఆయన తొలిరోజుల్లో రాసిన రాతల వల్ల 2018లో తీసేసారు. రెండూ నిజాలే.) దేశం పేరు మాత్రం, వందల మైళ్ళ దూరాన వాయవ్యంలో వెయ్యేళ్ళ క్రితం ఉన్న సామ్రాజ్యానిది. ఈ నేలకి దానితో సంబంధం లేదు.

నాకు ఎక్కడ మనసు చివుక్కుమందంటే, 1954 దగ్గర. అప్పటికి ప్రభుత్వం ఎన్‌క్రుమాదే. ప్రపంచంలో కోకో ధర ఆకాశంలో ఉంది. ఈయన రైతు ధరని అరవై పౌన్ల మూటకి 72 షిల్లింగుల దగ్గర నాలుగేళ్ళ పాటు కట్టేసాడు. బయటి ధరలో సగం కూడా కాదది. కుమాసి రైతులు భగ్గుమన్నారు, వేరే పార్టీ పెట్టారు, రక్తాలు కారాయి. అంటే, కంపెనీల నుంచి రైతుని కాపాడ్డానికి పుట్టిన బోర్డు, ఏడేళ్ళు తిరిగేసరికి ఆ కంపెనీల పనే చేస్తోందన్నమాట. ఐతే ఆ డబ్బు ఎవడూ జేబులో వేసుకుపోలేదు, కనీసం మొదట్లో. ఫీజు లేని ప్రాథమిక బళ్ళు, రోడ్లు, తేమా రేవు అన్నీ దాంతోనే కట్టారు. మా టీము ఆయన తాతగారు బోర్డుని తిట్టుకుంటూనే ఆ బళ్ళోకి పిల్లల్ని పంపాడట. అందుకే ఎన్‌క్రుమాని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం నా వల్ల కావట్లేదు.

అకోసొంబో డ్యాము దగ్గర మాత్రం తేల్చగలను. మన నాగార్జునసాగర్ కడుతున్న రోజులే అవి. వోల్టా నది మీద కట్టిన ఆ డ్యాము వెనక 8,500 చదరపు కిలోమీటర్ల చెరువు ఏర్పడింది, సుమారు 80 వేలమంది ఊళ్ళు మునిగాయి. ఆ కరెంటులో సింహభాగం ఒక అమెరికా అల్యూమినియం కంపెనీకి చవగ్గా రాసిచ్చారు. ఘనాలో బాక్సైట్ ఉంది కదా అంటారా? అది పచ్చి రాయిగా ఎగుమతి అవుతూనే ఉంది, ఆ ఫ్యాక్టరీకి కావల్సిన అల్యూమినా ఓడల్లో బయట నుంచి వస్తూనే ఉంది! తరవాత్తరవాత ఘనా ఇళ్ళల్లో కరెంటు కోతలు ఎంతలా పెరిగాయంటే, దానికో పేరే వచ్చింది: దుమ్‌సోర్. ఆర్పు-వెలిగించు అని అర్థం.

1966 జనవరిలో డ్యాము ప్రారంభోత్సవం, ఫిబ్రవరి 24న సైనిక కుట్ర. అంతకుముందు ఏడే కోకో ధర కుప్పకూలింది. ఎన్‌క్రుమా చైనాలో ఉన్నాడు, మళ్ళీ బతికుండగా ఘనా మొహం చూడలేదు.

తరవాత పదిహేనేళ్ళూ ఒకరి తరవాత ఒకరు సైనికాధికారులు, మధ్యలో పౌర ప్రభుత్వాలు. వచ్చినవాళ్ళంతా సెడీ మారకం రేటుని కృత్రిమంగా నిలబెట్టారు, రైతుకి మిగిలింది ఏమీ లేదు. రైతులేమో సరుకుని రాత్రిపూట సరిహద్దు దాటించి ఐవరీ కోస్టులో అమ్ముకున్నారు, లేదా చెట్లని వదిలేసారు. 1964-65లో ఐదున్నర లక్షల టన్నులు దాటిన పంట 1983-84కి 1.6 లక్షల టన్నులు. మొదటి స్థానం ఎప్పుడో ఐవరీ కోస్టుకి పోయింది. 1969లో నైజీరియా వాళ్ళతో సహా విదేశీయుల్ని వెళ్ళగొట్టిన ఘనా, 1983లో నైజీరియా నుంచి వెళ్ళగొట్టబడ్డ దాదాపు పది లక్షలమంది తన జనాన్ని, అదీ కరువులో, దించుకోవాల్సొచ్చింది. వాళ్ళు సామాను కుక్కుకున్న గళ్ళ ప్లాస్టిక్ సంచీని నైజీరియాలో ఇప్పటికీ "ఘనా మస్ట్ గో" అంటారు. మన బస్టాండుల్లో కనపడే సంచీయే అది.

1981 చివర రెండోసారి అధికారం లాక్కున్న రాలింగ్స్, విప్లవం మాటలు మాట్లాడుతూనే 1983లో ఐఎమ్‌ఎఫ్ దగ్గరకి వెళ్ళాడు. రైతు ధర పెంచారు, చెట్లు మళ్ళీ కాసాయి, 2010-11లో పది లక్షల టన్నులు దాటింది. 1992 రాజ్యాంగం తరవాత పాలక పార్టీ ఎన్నికల్లో ఓడి మర్యాదగా దిగిపోవడం మామూలైంది. పశ్చిమాఫ్రికాలో అది చిన్న విషయం కాదు. ఐనా 2022 డిసెంబరులో అప్పులు కట్టలేక చేతులెత్తేసింది.

2024 ఏప్రిల్‌లో న్యూయార్కులో టన్ను కోకో పదివేల డాలర్లు దాటినప్పుడు ఘనా రైతుకి పెంచాక ఇచ్చిన ధర 33,120 సెడీలు, అంటే సుమారు 2,500 డాలర్లు. బోర్డు పంటలో పెద్ద భాగాన్ని ముందు ఏడే పాత ధరకి అమ్మేసుకుంది, దాన్ని చూపించి అప్పులు తెచ్చుకుంది. ఈలోగా తెగుళ్ళు, వానలు, దొంగతనంగా బంగారం తవ్వేవాళ్ళకి తోటలు అమ్ముకోవడం – అన్నీ కలిసి పంట మూడేళ్ళలో దాదాపు సగానికి పడిపోయింది.

అక్రా పక్కన తెషీ అనే చోట శవపేటికలు మనిషి వృత్తిని బట్టి చేస్తారు: చేపలు పట్టేవాడికి చేప, డ్రైవరుకి కారు. కోకోకాయ ఆకారంలో పల్లకీ చేయించుకున్న ఒక పెద్దమనిషి అది ఎక్కకముందే పోతే దాంట్లోనే పాతిపెట్టారని, ఈ ఆచారం అక్కడే మొదలైందని చెబుతారు.

ఏలూరులో రైతులు ధర్నాలు చేసాక, కిలోకి 500 వచ్చేలా చూస్తామని, అందులో 50 ప్రభుత్వం ఇస్తుందని చెప్పారు కదా, ఆ సంగతి మా టీము ఆయనకి చెప్పాను. కొనేవాళ్ళు గుప్పెడుమందే కాబట్టి ప్రభుత్వం ధర కట్టాలని మావాళ్ళు అడుగుతున్నారని కూడా చెప్పాను. సంతోషిస్తాడో, వద్దని హెచ్చరిస్తాడో అనుకున్నా. రెండూ చెయ్యలేదు. "తూకం ఎవరు వేస్తారు? డబ్బులు ఎన్ని రోజులకి ఇస్తారు?" అని అడిగాడు. మావయ్యకి ఫోన్ చేసి కనుక్కుని చెబుతానన్నాను.