పింకమ్ గారి సీసాలో మెంతులు

మా అమ్మకు యాభై దాటుతున్న రోజులవి. డిసెంబరు చలిలో సైతం అర్ధరాత్రి లేచి, కిటికీ తెరచి, దాని ముందు నిలబడేది. మెడ నిండా చెమట, ముఖమంతా ఆవిర్లు. నాన్నగారు "నరాల నిస్సత్తువ" అని తేల్చివేసేవారు. అమ్మ మాత్రం రాత్రి నానబెట్టిన మెంతులు ప్రొద్దున్నే నమిలి, ఆ నీళ్ళు త్రాగి, మారు మాట్లాడక వంటపనిలో పడేది. ముట్లుడగడమనే చక్కటి మాట మన భాషలో ఉన్నది గాని, మగపిల్లల ఎదుట దానిని పలికేవారు కారు. అమ్మ ఆ మెంతులు ఎందుకు తినేదో నాకు తట్టింది చాలా ఏళ్ళ తరువాత. అదీ ఒక అమెరికా అవ్వ కథ చదువుతూండగా.

ఆమె పేరు లిడియా ఎస్టెస్ పింకమ్. (మన నోట పడితే పింకమ్మగారే!) 1819 లో మసాచుసెట్స్ లోని లిన్ పట్టణంలో, బానిసత్వాన్ని ఎదిరించిన క్వేకర్ కుటుంబంలో పుట్టింది. బానిసత్వం నుండి తప్పించుకొని వచ్చి మహావక్తగా పేరొందిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆ కుటుంబానికి స్నేహితుడు. లిడియా కొంతకాలం బడిపంతులమ్మగా పనిచేసి, 1843 లో ఐజాక్ పింకమ్ ను పెళ్ళాడింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు తన పొయ్యి మీద కాచిన వేళ్ళ కషాయం ఊరికే ఇస్తూండేది. 1873 నాటి ఆర్థిక సంక్షోభంలో భర్త వ్యాపారం కుప్పకూలింది. 1875 లో ఆ కషాయాన్నే సీసాలకెత్తి డాలరుకొకటి చొప్పున అమ్మకానికి పెట్టారు.

ఇక ఆ సీసాలో ఏమున్నదంటే: యూనికార్న్ రూట్ 8 ఔన్సులు, లైఫ్ రూట్, బ్లాక్ కోహోష్, ప్లూరిసీ రూట్ తలా 6 ఔన్సులు, మెంతులు 12 ఔన్సులు. అవును, అన్నిటికన్న ఎక్కువ పాలు మన పోపులపెట్టెలోని మెంతులదే! ఆ పట్టిక చూచి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. బ్లాక్ కోహోష్ ఉత్తర అమెరికా తూర్పు అడవులలో పెరిగే మొక్క. దాని వేరు వాడకం తెల్లవారు అక్కడి ఆదివాసుల నుండి నేర్చినదే.

ఆనాటి వైద్యులు ఇంతకన్న మెరుగైనది ఇచ్చారా అంటే, లేదనే చెప్పాలి. లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ టిల్ట్ ఈ దశ మీద 1857 లో ఒక గ్రంథమే వెలువరించాడు. జలగలూ నల్లమందూ అతని చికిత్సలోనివే. జార్జియాకు చెందిన రాబర్ట్ బాటీ 1872 నుండి స్త్రీల బాధలకు విరుగుడుగా, ఏ రోగమూ లేని అండాశయాలను సైతం కోసి తీసివేయసాగాడు. ఆ కత్తితో పోల్చితే పూటకొక చెంచాడు కషాయం ఎంతో దయ గలది. సీసా కొన్న ఆడవాళ్ళను వెర్రివాళ్ళని వెక్కిరించేవారు ఈ సంగతి మరువరాదని నా మనవి.

1879 నుండి లిడియా ముఖమే ఆ మందుకు ప్రకటన అయినది. తెల్లని మెడపట్టీ, చల్లని చూపు, ఎవరింటనైనా ఉండదగిన పెద్దమ్మ. "పింకమ్ గారికి ఉత్తరం వ్రాయండి" అని పత్రికలలో పిలుపు. మగవైద్యునికి చెప్పుకోలేని సంగతులన్నీ మోసుకొని ఉత్తరాలు వెల్లువెత్తాయి. జవాబులూ వెళ్ళాయి. మందు కన్న ఆ జవాబే పనిచేసిందేమోనని నాకొక అనుమానం. తన బాధకు ఒక పేరున్నదనీ, అది తన ఒక్కతెకే వచ్చినది కాదనీ తెలిస్తే సగం ఉపశమనం కాదా?

అయితే లిడియా 1883 లోనే కన్నుమూసింది. ఉత్తరాల పిలుపు మాత్రం ఆగలేదు. 1905 లో లేడీస్ హోమ్ జర్నల్ సంపాదకుడు ఎడ్వర్డ్ బోక్ ఆమె సమాధిరాయి ఫొటో అచ్చువేసి గుట్టు రట్టు చేశాడు. పింకమ్ గారంటే తమ ఉద్దేశం ఆమె కోడలని సంస్థ సమర్థించుకొన్నది. మరుసటి ఏడు వచ్చిన ఆహార, ఔషధ చట్టం వలన సీసా మీద మరో నిజం అచ్చయినది: అందులో 18 శాతం ఆల్కహాలు! ద్రాక్షసారా కన్న ఘాటు. మద్యనిషేధాన్ని కోరిన గృహిణి పేరిట, మద్యం ముట్టని గృహిణులు పూటపూటా పుచ్చుకొన్నది అదే. లైఫ్ రూట్ సంగతి మరీ విచిత్రం. పేరుకు ప్రాణమూలం; కాలేయాన్ని చెరచే ఆల్కలాయిడ్లు అందులో ఉన్నవని ఇప్పుడు మనకు తెలుసు. ఇంత జరిగినా అమ్మకాలు తగ్గలేదు సరికదా, 1925 నాటికి ఏడాదికి ముప్ఫై లక్షల డాలర్లు దాటాయి.

మూలికల కథ అంతటితో ముగియలేదు. 2002 లో, హార్మోను మాత్రలతో రొమ్ము క్యాన్సరు ముప్పు కొంత పెరుగుతున్నదని ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో తేలినప్పుడు, ఎందరో స్త్రీలు మళ్ళీ బ్లాక్ కోహోష్ వైపు మళ్ళారు. 2006 లో వెలువడిన మరొక పరీక్షలో 351 మంది స్త్రీలను ఏడాదిపాటు గమనించారు. ఆవిర్లను తగ్గించడంలో బ్లాక్ కోహోష్ ఉత్తుత్తి మాత్రను మించినది కాదు; హార్మోను పనిచేసింది. బ్లాక్ కోహోష్ వాడినవారిలో అరుదుగా కాలేయం దెబ్బతిన్నదని ఆ ఏడే బ్రిటన్ అధికారులు హెచ్చరించారు. ఇది చదివినప్పుడు నాకు లిడియా మీద కోపం రాలేదు. ఆమె చనిపోయిన తరువాత ఆమె నోట మాట్లాడిన వారి మీద వచ్చింది.

ఇదంతా మొన్న అమ్మకు ఫోనులో చెప్పాను. మొదటిసారిగా ఆ మాట అమ్మ ఎదుట పలికాను కూడా. అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. తరువాత, "మా అమ్మ కూడా అంతేరా, రాత్రిళ్ళు అరుగు మీద కూర్చునేది. ఎందుకని నేనూ అడగలేదు" అన్నది. మరి కాసేపాగి, "అవునూ, ఆవిడ మెంతులు నానబెట్టి వేసేదా, వేయించి వేసేదా?"