దెబ్బ ఒకడిది, మెప్పు ఊరందరిది

బెజవాడలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా రెండు విషయాల మీద అభిప్రాయం చెప్పడానికి ఎవరూ వెనుకాడరు. ఒకటి రాజకీయం, రెండోది ఆట. ఈ రెండింటికీ సంబంధం లేదని చాలాకాలం నేనూ అనుకున్నాను. కానీ ఒకే మనిషి నోట ఒకే పూట వచ్చే రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. "నా పొలంలో నేనేం వేసుకోవాలో చెప్పడానికి ఢిల్లీ వాడెవడు?" అని గర్జించిన పెద్దమనిషే, ఆటగాడు తొడ పట్టుకుని మైదానం వీడుతుంటే, "ఈ కాలపు కుర్రాళ్ళకు కండరం పట్టేస్తే చాలు, మూడు నెలల సెలవు. మా రోజుల్లో పళ్ళు రాలినా ఆడేవాళ్ళు" అని పెదవి విరుస్తాడు. పొలం మీద హక్కు సొంతదారుడిది. మరి ఒంటి మీద హక్కు ఎవరిది? ఈ రెండో అభిప్రాయం మనకు ఎక్కడినుంచి వచ్చిందో చరిత్రలో కొంచెం వెతకాలనిపించింది.

"పళ్ళు రాలినా" అన్నది ఊరికే పుట్టిన మాట కాదు. దాని వెనక మన బందరు మూలాలున్న మనిషి ఉన్నారు. కొఠారి కనకయ్య నాయుడు, లోకానికి సి.కె. నాయుడు. పూర్వికులది మచిలీపట్నం, ఆయన పుట్టింది 1895లో నాగపూరులో. 1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బొంబాయిలో 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి పేరు మోగించారు. ఏభయ్యేళ్ళు దాటాక కూడా హోల్కర్ జట్టుకు ఆడుతుండగా దత్తూ ఫడ్కర్ విసిరిన బంతి మూతికి తగిలి పళ్ళు ఊడితే, వాటిని పిచ్ మీదనుంచి పక్కకు నెట్టి, వేగం తగ్గించవద్దని చెప్పి ఆడారన్నది ప్రసిద్ధమైన కథ. 1932లో లార్డ్స్‌లో భారతదేశపు తొలి టెస్టులో ఫీల్డింగ్ చేస్తూ చేతికి గట్టి దెబ్బ తగిలినా, మొదటి ఇన్నింగ్స్‌లో జట్టులో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేసినది ఆయనే. 1936లో ఓవల్‌లో గబ్బీ అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలాక కూడా నిలిచి 81 చేశారు.

ఇవన్నీ చదివితే ఒళ్ళు పులకరించే మాట నిజమే. నేను వాటిని తక్కువ చేయబోవడం లేదు. కానీ ఈ వీరగాథలు జరిగిన చోట ఇంకొక కథ కూడా జరిగింది. దాన్ని మనం అంత ఇష్టంగా చెప్పుకోము.

1932లో నాయుడు గారు నాయకుడిగా ఎంపికై ఇంగ్లండు వెళ్ళలేదు. భారత జట్టుకు నాయకుడు రాజవంశీకుడే కావాలన్నది ఆనాటి పట్టింపు. అందుకని పోర్‌బందర్ మహారాజు నాయకుడు, లింబ్డీ వంశపు ఘనశ్యామ్‌సింహ్‌జీ ఉపనాయకుడు. మహారాజు తన ఆట అంతంతమాత్రమని తెలిసిన మనిషి, పక్కకు తప్పుకున్నారు. ఉపనాయకుడికి టెస్టుకు ముందు నడుము పట్టేసింది. ఆ తరువాతే నాయుడు గారి వంతు వచ్చింది. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. రాజకుమారుడికి నడుము నొప్పి వస్తే విశ్రాంతి. అది సహజం, న్యాయం కూడా. ఆయన పిరికివాడని ఎవరూ అనలేదు. చేతికి దెబ్బ తగిలిన నాయుడు గారు మాత్రం ఆడారు, ఆడినందుకు వీరుడయ్యారు. నొప్పి ఇద్దరికీ వచ్చింది. దాన్ని బయటపెట్టుకునే వెసులుబాటు మాత్రం అందరికీ సమానంగా లేదు.

1936లో ఈ వ్యత్యాసం మరీ బాహాటమైంది. ఆ ఏడాది నాయకుడు కూడా తెలుగు నేలవాడే: విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు, అందరూ పిలిచే పేరు 'విజ్జీ'. 1930-31 చలికాలంలో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి దిగ్గజాలను తన ఖర్చుతో ఇండియాకు రప్పించిన దాత. ఆ పర్యటనలో మూడు టెస్టుల్లోనూ తనే ఆడి మొత్తం 33 పరుగులు చేశారు. లాలా అమర్‌నాథ్ అప్పటికి మంచి ఊపులో ఉన్నాడు, ఒక గాయంతో బాధపడుతూ కూడా ఉన్నాడు. మైనర్ కౌంటీస్ జట్టుతో ఆటలో అతణ్ణి ప్యాడ్లు కట్టుకుని కూర్చోమని, అతనికన్నా ముందు వేరేవాళ్ళను ఒకరి తరువాత ఒకరిని బ్యాటింగుకు పంపారు. విశ్రాంతి లేదు, ఆటా లేదు. చివరికి సాయంత్రం పంపారు. తిరిగి వచ్చిన అమర్‌నాథ్ కోపంతో సామాను సంచిలో విసిరి పంజాబీలో నాలుగు మాటలు అన్నాడు. ఫలితం, క్రమశిక్షణ పేరిట ఓడ ఎక్కించి ఇంటికి పంపడం. 1937లో బోమాంట్ విచారణ సంఘం నాయకుడి తీరును తప్పుపట్టింది. అప్పటికి పర్యటన ముగిసింది, టెస్టు సిరీస్ 2-0తో పోయింది.

విజ్జీని దుర్మార్గుడిగా చిత్రించడం తేలిక, అందరూ చేసిన పనే. నన్ను ఆలోచింపజేసేది ఆయన మనసు కాదు, ఆ ఏర్పాటు. ఆటగాడికి జీతం, ఉద్యోగం, ఓడ టిక్కెట్టు అన్నీ ఒక సంస్థానం చేతిలో ఉన్నప్పుడు అతని మోకాలూ నడుమూ కూడా ఆ చేతిలోకే పోతాయి. నాయుడు గారంతటి వారికి కూడా 1923లో హోల్కర్ మహారాజు ఇందూరుకు పిలిచి తన సైన్యంలో కొలువిస్తేనే బతుకు నిలకడైంది. యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగిన విషయం: అదే 1923లో మన దేశంలో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. పనిలో అవయవం పోతే యజమాని దయతో నిమిత్తం లేకుండా పరిహారం అడగవచ్చన్న సూత్రం చట్టంలోకి ఎక్కింది. మైదానంలో దెబ్బ తిన్నవాడిని మాత్రం ఎవరూ పనివాడిగా చూడలేదు. అతనికి దక్కేది బహుమానం. అది హక్కు కాదు.

ఇక రాజకీయానికి వస్తాను. మన పత్రికలు 'మితవాదం' అని ఒకే మాటతో సరిపెట్టే దానిలో, కృష్ణా డెల్టా వరకు, రెండు వేర్వేరు పాయలు ఉన్నాయని నా అభిప్రాయం.

మొదటిది జమీందారీ పాయ. చల్లపల్లి, నూజివీడు, ఉయ్యూరు, తేలప్రోలు. ఈ ఠాణాల నీడలో పెరిగిన ఊళ్ళు మన జిల్లాలో ఎన్నో. దాని రాజకీయ రూపం జస్టిస్ పార్టీ. బొబ్బిలి రాజా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉండి, 1937 ఎన్నికల్లో తన బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోవడంతో ఆ పాయ ఎండటం మొదలైంది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలే పోయాయి. ఈ పాయ నీతి ఒక్కటే: పెద్దవాడు ఇస్తాడు, చిన్నవాడు పడి ఉంటాడు. ఇచ్చేవాడు మంచివాడైతే ఊరు చల్లగా ఉంటుంది.

రెండోది రైతు పాయ. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీటితో నిలదొక్కుకున్న సొంత భూమి రైతు దీనికి మూలం. దీని గొంతు నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా. ఆయన జమీందారీ రైతుల తరఫున జమీందార్లతో పోరాడినవారు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని తీర్మానించినప్పుడు దాన్ని ఎదిరించి బయటికి వచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నిలబెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. రైతు భూమి రైతుదే, దాన్ని ఎవరి మేలు పేరిట కూడా లాక్కోకూడదన్నది ఆయన వాదం. 1962లో ఆయన తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్య చేతిలో ఓడిపోయి, అదే సంవత్సరం చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్ళారు. చిత్రమేమంటే, ఆ పార్టీలోనే జైపూరు గాయత్రీదేవి వంటి సంస్థానాల వారూ చేరారు. రెండు పాయలూ ఒక కాలవలో కలిశాయి. ఆ కలిసిన నీళ్ళే నేటికీ మన అరుగుల మీద పారుతున్నాయి. అందుకే పొలం మాట వచ్చినప్పుడు మనవాడు రంగా గారి శిష్యుడు. ఆటగాడి మాట రాగానే జమీందారు గారి దివాను.

ఇదే 1962లో ఫుట్‌బాల్‌లో ఒక ఘట్టం జరిగింది. జకార్తా ఆసియా క్రీడలు. శిక్షకుడు హైదరాబాదు రహీం సాహెబు. జట్టులో సికింద్రాబాదు తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు భారత ప్రతినిధి సోంధీ అభ్యంతరం తెలిపారన్న కోపంతో జకార్తా మన మీద మండిపడుతోంది. మన రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. రాజకీయం చేసిన దెబ్బకు ఆటగాళ్ళు తిట్లు తిన్నారు. రక్షణ ఆటగాడు జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి తలకట్టుతోనే ముందు వరుసలో ఆడించారు. సెమీఫైనల్లో ఒక గోలు, సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్లో మరొక గోలు. 2-1తో బంగారం మనది.

ఇది విజ్జీ కథేనా? కాదు. రహీం సాహెబు అప్పటికే క్యాన్సర్‌తో పోరాడుతున్నారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. తాను పడుతున్న బాధనే ఎదుటివాడిని పడమని అడిగిన మనిషి ఆయన. పెవిలియన్లో కూర్చుని ప్యాడ్లు కట్టుకోమనడం వేరు, చావు అంచున నిలబడి నాతో రా అనడం వేరు. ఈ తేడాను నేను గౌరవిస్తాను. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. బలరాం 1963లో, ఇరవై ఏడో ఏట, అనారోగ్యంతో ఆట మానుకున్నాడు. యూసుఫ్ ఖాన్ చివరి రోజుల్లో పార్కిన్‌సన్స్ వ్యాధితో బాధపడి 2006లో పోయాడు. ఆటకూ ఆ జబ్బుకూ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. జకార్తా గోళ్ళను చెప్పుకునే మనలో ఎందరం వాళ్ళ తరువాతి ఏళ్ళను చెప్పుకుంటున్నాం?

పెద్ద పేర్ల సంగతి వదలండి. దివిసీమలో మా బంధువుల ఊళ్ళో సంక్రాంతి చెడుగుడు పందేల్లో ఒకాయన మోకాలు మెలిపడటం నా చిన్నతనంలో చూశాను. ఊరి పరువని అందరూ కేకలు వేస్తే కుంటుతూనే మళ్ళీ కూతకు వెళ్ళాడు. జట్టు గెలిచింది. పుత్తూరు కట్టు కట్టించారు, నూనెలు రాశారు; ఆ కాలు మళ్ళీ తిన్నగా కాలేదు. మడిలో దిగి నాట్లు వేయలేక సైకిలు షాపు పెట్టుకున్నాడు. పందెం పెట్టించిన పెద్దమనిషి కొంత డబ్బు ఇచ్చారు. అది ధర్మం చేసినట్లు ఇచ్చారు, బాకీ తీర్చినట్లు కాదు. నలభై ఏళ్ళ తరువాత కూడా ఊళ్ళో చెప్పుకునేది ఆ కూత గురించే. ఆయనను మాత్రం ఎవరైనా ఆ సంగతి అడిగితే, షాపులో చక్రం తిప్పుతూ, "గెలిచాంగా" అని ఊరుకునేవాడు.

ఈ అభిప్రాయం మన ఒక్కరి సొత్తూ కాదు. అమెరికాలో 2017 జూలైలో బోస్టన్ పరిశోధకులు 111 మంది మాజీ ఎన్.ఎఫ్.ఎల్. ఆటగాళ్ళ మెదళ్ళను పరీక్షిస్తే 110 మందిలో దెబ్బల వల్ల వచ్చే మెదడు జబ్బు ఆనవాళ్ళు కనిపించాయి. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్ళు దానమిచ్చాయి గనుక ఆ లెక్కను అందరికీ అంటగట్టలేము. అయినా అది చిన్న సంగతి కాదు. రెండు నెలలకు అలబామా సభలో అధ్యక్షుడు ట్రంప్, గట్టిగా గుద్దితే శిక్ష వేయడంతో ఆట పాడైపోతోందని వాపోయారు. సభ చప్పట్లు కొట్టింది. స్కాట్లండులో 2019లో గ్లాస్గో పరిశోధకులు మాజీ వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళు మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం ఇతరులకన్నా సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని తేల్చారు.

మరొకవైపు నియమాలు మెల్లగా మారుతూ వచ్చాయి. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో 1970 వరకు దెబ్బ తగిలినవాడి బదులు మరొకణ్ణి దింపే వీలే లేదు. కుంటుతూ ఒక మూల నిలబడవలసిందే. క్రికెట్లో 2019 ఆగస్టులో తల అదిరినవాడి స్థానంలో వేరొకరు పూర్తిగా ఆడే నియమం వచ్చింది. దాని తొలి వినియోగం లార్డ్స్‌లోనే, స్మిత్ బదులు లబుషేన్. నాయుడు గారు దెబ్బ తిన్న చేతితో ఆడిన 87 ఏళ్ళకు అదే మైదానంలో ఒక ఆటగాడు దెబ్బ తగిలిందని కూర్చున్నాడు, ఆట ఆగలేదు, ఎవరి పరువూ పోలేదు.

రంగా గారి రాజకీయాలతో మీకు పేచీ ఉండవచ్చు. నాకూ కొన్నిచోట్ల ఉంది. కానీ ఆయన సూత్రాన్ని నిజంగా నమ్మేవాడు దాన్ని గట్టు దగ్గర ఆపకూడదు. మనిషి మొదటి ఆస్తి పొలం కాదు, ఒళ్ళు. ఆడతానన్నవాణ్ణి మెచ్చుకుందాం, ఆడలేనన్నవాణ్ణి నిందించే హక్కు మనకు లేదు. ఆడిస్తున్నవాడు వైద్యం ఖర్చును ధర్మంగా కాక బాకీగా భరించాలి. సంప్రదాయవాదులైన మిత్రులు ఇందులో తమ సిద్ధాంతానికి విరుద్ధమైనది ఏదైనా ఉందంటే చెప్పండి, వినడానికి సిద్ధంగా ఉన్నాను. 1948లో చట్టం కొట్టేసిన జమీందారీని నాలుక మీద ఇంకా ఎందుకు మోస్తున్నామో కూడా వీలైతే చెప్పండి.