ఐన్‌స్టీన్ చెప్పింది ఎవరైనా చూశారా? ఈసీఐఎల్ బెలూన్ నుంచి శామీర్‌పేట దాకా ఒక కథ

2022 డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున హైదరాబాద్ ఆకాశంలో తెల్లగా, గుండ్రంగా ఏదో వేలాడుతూ కనిపించింది, గుర్తుందా? అందరూ ఫోన్లు బయటికి తీశారు. ఏలియన్లు వచ్చారన్నవాళ్లు కూడా ఉన్నారు. చివరికి అది వికారాబాద్ జిల్లాలో పొలాల్లో దిగింది. జనం గుమిగూడి సెల్ఫీలు దిగారు. తీరా చూస్తే అది స్పెయిన్‌కి చెందిన ఒక కంపెనీ పరీక్ష కోసం తయారు చేసిన క్యాప్సూల్. దాన్ని బెలూన్‌కి కట్టి పైకి పంపింది ఎక్కడో కాదు, మన ఈసీఐఎల్ దగ్గరున్న టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచే.

ఆ బెలూన్ గురించి మాట్లాడుకుంటుంటేనే మేడ్చల్‌లో ఉండే మా అక్క కొడుకు నన్ను ఇరికించాడు. వాడు అప్పుడు పదో తరగతి. "మామా, వేగంగా పోతే టైమ్ నెమ్మదిస్తుందని ఐన్‌స్టీన్ చెప్పాడంట కదా. ఎవరైనా చూశారా? లేకపోతే పెద్దాయన చెప్పిండు కాబట్టి మనం నమ్మాలా?" అన్నాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. "అది పెద్ద పెద్ద లెక్కలు రా" అని తప్పించుకున్నా. వాడు ఇంకేం అడగలేదు, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. వాడు అడిగింది చాలా సరైన ప్రశ్న. దాన్ని నేనే చంపేశానని రాత్రంతా అనిపించింది. ఈ ఎపిసోడ్ వాడికి బాకీ ఉన్న జవాబు.

ముందు అసలు విషయం చూద్దాం. 1905లో ఐన్‌స్టీన్ వయసు 26. స్విట్జర్లాండ్‌లో బెర్న్ అనే ఊళ్లో పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం. ఆయన పట్టుకున్న పాయింట్ ఒక్కటే. కాంతి వేగం ఎవరు కొలిచినా ఒక్కటే, సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. మీరు నిలబడి కొలిచినా అంతే, పరిగెత్తుతూ కొలిచినా అంతే.

ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే రైల్లో మీరు కూర్చున్నారనుకోండి. నేల మీద నుంచి ఒక టార్చ్ మెరుపు నిటారుగా పైకి పోయి, పైకప్పుకు ఉన్న అద్దానికి తగిలి కిందికి వచ్చింది. మీకు అది నిలువు గీత. మరి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ నాకు? మెరుపు పైకి పోయి వచ్చేలోపు రైలు ముందుకు జరిగింది కదా. అందుకే నాకు అది ఏటవాలు గీత, అంటే ఎక్కువ దూరం. వేగం ఇద్దరికీ ఒకటే. మరి దూరం ఎక్కువైతే పట్టే టైమ్ కూడా ఎక్కువే కావాలి. అంటే నా లెక్కలో మీ గడియారం నెమ్మదిగా నడుస్తోంది. రైలు వేగానికి ఈ తేడా ఎంత చిన్నదంటే చేతి గడియారానికి అసలు తెలియదు. తెలియాలంటే కాంతికి దగ్గరి వేగంతో పోయేది ఏదైనా కావాలి.

అలాంటిది మన నెత్తి మీదే ఉంది. అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు వచ్చి గాలిని గుద్దుకుంటాయి. ఆ దెబ్బకు సుమారు 15 కిలోమీటర్ల ఎత్తులో మ్యూయాన్ అనే చిన్న కణాలు పుడతాయి. 1936లో అమెరికాలో ఆండర్సన్, నెడర్‌మేయర్ అనే ఇద్దరు వీటి జాడ పట్టుకున్నారు. మ్యూయాన్ ఎక్కువసేపు బతకదు. దాని సగటు ఆయువు 2.2 మైక్రోసెకన్లు. కాంతి వేగంతో ఉరికినా అంతలోపు పోయేది 660 మీటర్లే.

ఆ 15 కిలోమీటర్ల ఎత్తును అడ్డంగా పడుకోబెట్టండి. దాదాపు ఈసీఐఎల్ నుంచి శామీర్‌పేట దాకా ఉన్నంత దూరం. ఈసీఐఎల్‌లో బయల్దేరిన మ్యూయాన్ రెండు బస్‌స్టాపులు దాటేలోపే అయిపోవాలి. కోటికి ఒక్కటి కూడా శామీర్‌పేట చేరకూడదు. కానీ నిజంగా ఏం జరుగుతోందో తెలుసా? మీ అరచేయి ఆకాశం వైపు చాపండి. సెకనుకు దాదాపు ఒక మ్యూయాన్ దాన్ని దాటుకుని పోతోంది. మీరు ఇది చదువుతున్నప్పుడు కూడా.

ఇక్కడ మనవాడు ఒకాయన వస్తాడు. 1938, కేంబ్రిడ్జ్. హోమీ భాభా, వయసు 28. ఈ కణం నిలకడగా ఉండదు, విరిగిపోతుంది అని ఆయన అప్పుడే ఊహించాడు. వేగంగా పోయే కణం మన లెక్కలో ఎక్కువసేపు బతకాలి కాబట్టి, ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని నేరుగా పరీక్షించడానికి ఇదొక దారి అని 'నేచర్' పత్రికలో రాశాడు. ఐన్‌స్టీన్ గొప్పవాడు కాబట్టి నమ్మండి అనలేదు. ఎలా చూడాలో చెప్పాడు.

చూసింది మాత్రం వేరేవాళ్లు. 1940లో రోసీ, హాల్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని కొలరాడో కొండల్లో ఒక ఎత్తున, తర్వాత కింద డెన్వర్ నగరంలో మ్యూయాన్లను లెక్కపెట్టారు. వేగం తక్కువున్నవి దారిలో ఎక్కువగా రాలిపోయాయి. వేగం ఎక్కువున్నవి ఎక్కువగా బతికి కిందికొచ్చాయి. 1970ల్లో జెనీవాలోని సెర్న్‌లో మ్యూయాన్లను పెద్ద రింగులో తిప్పి చూస్తే, వాటి ఆయువు 29 రెట్లు పెరిగింది. లెక్క సరిగ్గా కుదిరింది. కాబట్టి ఈ వీడియో చూసి "అంతా మనోళ్లే కనిపెట్టారు" అని ఫార్వర్డ్ చేయకండి. దారి చూపినవాళ్లలో మనవాడు ఉన్నాడు. అది చాలు, అది నిజం కూడా.

భాభా 1939లో సెలవులకు ఇండియా వచ్చాడు. యుద్ధం మొదలవడంతో ఇక్కడే ఉండిపోయాడు. 1945లో టీఐఎఫ్ఆర్ మొదలుపెట్టాడు. కాస్మిక్ కిరణాల కోసం బెలూన్లు ఎగరేయించాడు. 1966లో విమాన ప్రమాదంలో పోయాడు. 1969లో ఆ బెలూన్లకు హైదరాబాద్‌లో శాశ్వత కేంద్రం వచ్చింది. హైదరాబాదే ఎందుకు? భూమి అయస్కాంత మధ్యరేఖకు మనం దగ్గర. ఇక్కడ ఆ అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి ఉన్న కిరణాలను పక్కకు నెట్టేస్తుంది. దాంతో పరికరాలకు గోల తగ్గుతుంది. పల్చటి పాలిథీన్ బెలూన్ 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. ఈ బెలూన్లు ఐన్‌స్టీన్‌ని రుజువు చేయడానికి ఎగిరినవి కావు. కానీ పైకి పోయే ప్రతి బెలూన్ మ్యూయాన్లు పుట్టే ఆ ఎత్తును దాటుకునే పోతుంది.

మొన్న మళ్లీ మేడ్చల్ పోయి మావాడికి ఇదంతా చెప్పా. వాడు ఇంకో ప్రశ్న వేశాడు. "మరి ఆ మ్యూయాన్‌కి తన టైమ్ నెమ్మదిగా పోతున్నట్టు అనిపిస్తదా మామా?" అనిపించదు. దాని గడియారం దానికి మామూలే, దాని ఆయువు 2.2 మైక్రోసెకన్లే. దాని లెక్కలో మాత్రం కింద ఉన్న మన 15 కిలోమీటర్లు కుంచించుకుపోయి కొన్ని వందల మీటర్లే అవుతాయి. ఇద్దరి లెక్కా కరెక్టే. మ్యూయాన్ నేలకు చేరిందనే దాంట్లో ఇద్దరికీ గొడవ లేదు.

ఇంకో రుజువు మీ జేబులో ఉంది. జీపీఎస్ శాటిలైట్ గడియారం వేగం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. పైన గురుత్వం తక్కువ కాబట్టి 45 ముందుకు పోతుంది. ఈ రెండోది ఐన్‌స్టీన్ 1915లో చెప్పిన భాగం. నికరంగా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందు. అంతలో కాంతి 11 కిలోమీటర్లు పోతుంది. ఈ తేడాను ముందే సరిదిద్దుతారు కాబట్టే ఔటర్ మీద శామీర్‌పేట ఎగ్జిట్ మీ మ్యాప్‌లో సరిగ్గా కనిపిస్తోంది.

ఆ 1915 సిద్ధాంతానికి మొదటి పెద్ద పరీక్ష 1919 మే 29న, సూర్యగ్రహణం రోజు. 104 ఏళ్ల తర్వాత అదే మే 29న, 2023లో, శ్రీహరికోట నుంచి ఎన్‌వీఎస్-01 ఎగిరింది. మన దేశంలో తయారైన అణు గడియారం అందులో ఉంది.

చివరిగా ఒక మాట. బెలూన్ పెట్టె ఎప్పుడైనా మీ పొలంలో పడితే తెరవకండి, పోలీస్ స్టేషన్‌కి చెప్పండి. ఇంట్లో పిల్లలు "ఎవరైనా చూశారా?" అని అడిగితే మాత్రం నాలాగా తప్పించుకోకండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.